ఏడో వరసలో సముద్రం

మారిట్ హౌగన్ ఎమెట్ డ్వొరాక్‌తో మొట్టమొదట అన్న మాట, "అది తప్పు" అని.

మూడేళ్ళ కిందటి మాట. ఏప్రిల్ నెల, కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నా పళ్ళు కొట్టుకునే చలి. హార్లన్ బెండ్ బేస్‌బాల్ స్టేడియంలో ఏడో వరసలో కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఎమెట్ పెన్సిలుతో స్కోరు రాసుకుంటున్నాడు. పక్క సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మెడ చాచి మరీ చూసింది.

"అది హిట్ కాదు. ఫీల్డర్ వదిలేశాడు. ఆ బంతి మా తాతయ్య కూడా పట్టేవాడు."

"మీ తాతయ్యగారు ఆడేవారా?"

"లేదు. బ్యాంకులో గుమాస్తా. ఈ సీటు ఆయనదే. పోతూ నాకు రాసిచ్చాడు."

ఎమెట్ కాసేపు ఆలోచించి, రబ్బరు తీసి చెరిపాడు. అయోవా రాష్ట్రంలో పెట్రోలు బంకులవాళ్ళు గ్యాలను అని చెప్పి గ్యాలనే పోస్తున్నారా లేదా అని కొలిచి చూడటం అతని ఉద్యోగం. ఇంకొకరు చెప్పారని తను రాసిన అంకెను దిద్దుకోవడం అతనికి అలవాటు లేదు. ఆ రోజు ఎందుకు దిద్దుకున్నాడో ఇంటికి వెళ్ళాక ఆలోచించాడు. కారణం తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఆమెకు అసలే చెప్పలేదు.

అలా మూడు సీజన్లు గడిచిపోయాయి. ఊరి జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. పేరు పెట్టినవాళ్ళు ముందుచూపు ఉన్నవాళ్ళే. ఆ జట్టు కూడా ఎంతోసేపు కదలకుండా నిలబడి, చివరికి ఏమీ పట్టకుండా వెళ్ళిపోయేది. ఆ జట్టు గురించి ఎమెట్, మారిట్ మాట్లాడుకోని సంగతి లేదు. జట్టు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడుకున్నదీ లేదు.

ఈ ఏడాది ఊళ్ళో ఆఖరి ఆట ఆగస్టులో ఒక బుధవారం మధ్యాహ్నం పడింది. ఎమెట్ సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆట అయ్యాక ఆమెతో చెప్పవలసిన వాక్యం ఒకటి తయారు చేసుకున్నాడు. దాన్ని వారం రోజులుగా రకరకాల పెట్రోలు పంపుల ముందు నిలబడి సాధన చేశాడు. పంపుల్లో ఏదీ అభ్యంతరం చెప్పలేదు.

మూడో ఇన్నింగ్స్‌లో మారిట్, మైదానం మీంచి కళ్ళు తిప్పకుండానే, "నాకు ఫ్లోరిడాలో ఉద్యోగం వచ్చింది" అంది.

మారిట్ బడుల్లో పిల్లలకు చెవులు పరీక్ష చేస్తుంది. ఎవరికి ఏ చెవి సరిగ్గా వినబడటం లేదో కనిపెట్టడంలో ఆమెది గట్టి చెయ్యి.

"ఫ్లోరిడాలోనా?" అన్నాడు ఎమెట్.

"సముద్రం ఒడ్డున బడి. బడికీ బీచ్‌కీ మధ్య ఒక్క రోడ్డే అట."

"ఏ రోడ్డు?"

"రోడ్డు పేరు నాకేం తెలుసు, ఎమెట్?"

"కాదు, ఊరికే అడిగాను."

"ఇవాళ నాలుగింటికల్లా ఫోన్ చేసి చెప్పాలి. వస్తానో రానో. నువ్వేమంటావు?"

ఆ వాక్యం ఎమెట్ గొంతులోనే ఉంది. కానీ ఆట అయ్యాక చెప్పేందుకని కొలిచి కట్టుకున్న వాక్యం అది. మూడో ఇన్నింగ్స్‌కు పొడుగైపోతుంది. కాస్త వ్యవధి కోసం అతను, "అసలు బీచ్‌లో ఏం చేస్తారు?" అన్నాడు.

"ఇసకలో పడుకుంటారట."

"ఎంతసేపు?"

"పూటంతా."

"పడుకుని?"

"లేస్తారు."

"అంతేనా?"

"మళ్ళీ పడుకుంటారట. దాన్నే రిలాక్స్ అవ్వడం అంటారు."

ఇద్దరూ సముద్రం చూసినవాళ్ళు కారు. వాళ్ళకు తెలిసిన పెద్ద నీళ్ళల్లా ఊరి పక్కన పారే మిసిసిపీ, దాని ఒడ్డున బురద. అయినా మాట నడిచింది. నాలుగో ఇన్నింగ్స్ అంతా బీచ్ గొడుగుల మీదే గడిచింది.

ఐదో ఇన్నింగ్స్‌లో మారిట్ మోకాలి మీద ఒక చెయ్యి పడింది. అటుపక్క సీట్లో కూర్చునే ఇర్మా బెల్కర్ది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. భర్త ఆర్విల్‌తో కలిసి నలభై ఏళ్ళుగా అదే సీటుకు వస్తోంది. గొంతు తగ్గించి, "మీరిద్దరూ దేని గురించి మాట్లాడుకుంటున్నారు?" అని అడిగింది.

"బీచ్ గురించి, మిసెస్ బెల్కర్," అంది మారిట్.

"ఎప్పట్నుంచి?"

"మూడో ఇన్నింగ్స్ నుంచి."

"అయితే దాని గురించే మాట్లాడండి. ఇంకో మాట ఎత్తకండి."

ఇర్మా గడ్డంతో స్కోరు బోర్డు వైపు చూపించింది. ఎమెట్ చూశాడు. మారిట్ చూసింది. అవతలి జట్టు పేరు ఎదురుగా, హిట్లు ఉండవలసిన చోట, సున్నా ఉంది.

బంతి కొట్టి, ఫీల్డర్లు ఏమైనా చేసే లోపల మొదటి మజిలీ అయిన బేస్‌ చేరుకుంటే హిట్. ఆట మొత్తం మీద అవతలివాళ్ళకు అలాంటిది ఒక్కటి కూడా ఇవ్వకుండా పిచర్, అంటే బంతి విసిరేవాడు, ఒక్కడే తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తి చెయ్యడం కొన్ని ఊళ్ళు చూస్తాయి, కొన్ని ఊళ్ళు చూడకుండానే ముసలివైపోతాయి. హార్లన్ బెండ్ రెండో రకం. అలాంటిది జరుగుతున్నంతసేపూ దాని పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోవాలి, ఏం చేస్తున్నారో అదే చేస్తూండాలి. ఈ నియమం ఏ గ్రంథంలోనూ లేదు. అయినా మూడో వరసలో కూర్చున్న లూథరన్ పాస్టరుగారు కూడా ఎత్తిన కాలు దించడం లేదు.

ఆర్విల్ చేతిలో సగం తిన్న హాట్‌డాగ్ ఉంది. "నేను కొరకొచ్చా?" అన్నాడు.

"ఆఖరిసారి ఎప్పుడు కొరికావు?"

"నాలుగో ఇన్నింగ్స్ మొదట్లో."

"అయితే పట్టుకుని కూర్చో," అంది ఇర్మా.

ఆర్విల్ దాన్ని కొవ్వొత్తిలా పట్టుకుని కూర్చున్నాడు.

"కానీ మిసెస్ బెల్కర్, నేను ఇతన్ని ఒక మాట అడిగాను. జవాబు రావాలి," అంది మారిట్.

"బీచ్ గురించేనా?"

"కొంచెం బీచ్‌కు సంబంధించిందే."

"కొంచెం కుదరదమ్మాయ్."

మైదానం మధ్యలో ఈసాక్ బెనావిడెస్ అనే హెరన్స్ పిచర్, ఇరవై ఒక్క ఏళ్ళ ఎడమచేతివాటం కుర్రాడు, నిలబడి ఉన్నాడు. జూన్‌లో ఒకసారి అతను విసిరిన బంతి వెళ్ళి హెరన్స్ బెంచీ మీదున్న నీళ్ళ డబ్బాను పడగొట్టింది. ఇవాళ మాత్రం దారం కట్టి లాగినట్టు వేస్తున్నాడు.

"ఇసక శాండ్‌విచ్‌లో పడుతుందట," అన్నాడు ఎమెట్. అది అతను ఆరో ఇన్నింగ్స్‌కు తేల్చుకున్న పద్ధతి. వెళ్ళవద్దని చెప్పడానికి వీల్లేదు. బీచ్ బాగుండదని చెప్పడానికి అడ్డు లేదు.

"దులుపుకుని తింటాను."

"తుఫాన్లు వస్తాయి."

"ఇక్కడ టోర్నడోలు రావా?"

"టోర్నడో చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోతుంది. తుఫాను వారం ముందే పేరు పెట్టించుకుని మరీ వస్తుంది."

"వారం టైముంటే నేను పెట్టె సర్దుకుంటాను."

"సొరచేపలు."

"నాకు ఈత రాదు. మోకాళ్ళ లోతు దాటి వెళ్ళను."

"జెల్లీ చేపలు మోకాళ్ళ లోతులోనే ఉంటాయి."

"నువ్వు సముద్రాన్ని కూడా తనిఖీ చేసి సీలు వేసేట్టున్నావు," అంది మారిట్.

ఇర్మా కూడా తన వంతు కలిపింది. "ఎనభై ఎనిమిదిలో మేం గాల్వెస్టన్ బీచ్‌కు వెళ్ళాం. మొదటి రోజే ఆర్విల్ అరికాళ్ళు కాలాయి. మిగతా నాలుగు రోజులూ హోటల్ గదిలో కూర్చుని టీవీలో బేస్‌బాల్ చూశాం. మంచి సెలవు."

"సముద్రం ఎలా ఉంది?" అన్నాడు ఎమెట్.

"కిటికీ అటువైపు లేదు."

ఏడో ఇన్నింగ్స్‌లో అవతలి బ్యాటర్ కొట్టిన బంతి గోడదాకా వెళ్ళింది. మన కుర్రాడు పరిగెత్తి పరిగెత్తి, గోడకు గుద్దుకుంటూ పట్టాడు. నాలుగు వేలమంది ఒక్కసారి ఊపిరి పీల్చి, మళ్ళీ వదలడం మరిచిపోయారు.

"రిలాక్స్ అవ్వాలంటే ముందు భుజాలు వదులు చెయ్యాలట," అంది మారిట్. ఆమె వేళ్ళు సీటు చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే గోళ్ళు తెల్లబడ్డాయి.

"తరవాత?" అన్నాడు ఎమెట్. అతని దవడలు బిగుసుకుని ఉన్నందువల్ల మాట పళ్ళ సందుల్లోంచి వచ్చింది.

"తరవాత అలలు లెక్కపెట్టాలట. ఏదీ పట్టించుకోకూడదట."

"బాగుంటుంది," అన్నాడు. చొక్కా వీపున తడిసి, ఇస్త్రీ ఎప్పుడో పోయింది.

 మారిట్ గొంతు కొంచెం మారింది. "పొద్దుగూకే వేళకు ఇసకలో ఒక్కదాన్నే కూర్చుని సూర్యుడు మునగడం చూస్తూంటే, ఎలా ఉంటుందంటావు?"

ఎమెట్ చాలాసేపు ఆలోచించాడు. ఈలోపు ఒక బ్యాటర్ అవుటై వెళ్ళిపోయాడు.

"ఒక్కదానివే ఉంటే వీపుకు క్రీము ఎవరు రాస్తారు?"

అనేశాక గాని అతనికి ఆ మాట వినబడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. మారిట్ ఎదురుగా చూస్తూనే ఉంది గాని, పెదవి ఒక పక్క మాత్రం ఆగలేదు. ఇర్మా మైదానం మీంచి చూపు తిప్పకుండా, "అది బీచ్ మాటే. కానివ్వండి," అంది.

ఆ ధైర్యంతో అతను ఇంకో అడుగు వేశాడు. "మారిట్, నువ్వు గనక అక్కడికి వెళ్తే..."

"బీచ్‌కా, ఉద్యోగానికా?" అంది ఇర్మా.

ఎమెట్ అబద్ధం ఆడలేకపోయాడు. "ఉద్యోగానికి."

"నోరు ముయ్యి, అబ్బాయ్."

అతను ముయ్యడం, ఎనిమిదో ఇన్నింగ్స్ అయిపోవడం రెండూ జరిగాయి. హెరన్స్ రెండు పరుగులు చేసి ఉన్నారు, అవతలివాళ్ళు సున్నా. టైము మూడూ నలభై. మారిట్ వాచీ చూసుకుంది. ఎమెట్ కూడా ఆమె వాచీయే చూశాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్. మొదటివాడు అవుట్. రెండోవాడు ఆరు బంతులు ఏడిపించి అవుట్. ఇంక ఒక్కడు. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ లేచి, ముసుగు నెత్తి మీదికి తోసుకుని, బెనావిడెస్‌తో ఏదో చెప్పడానికి నడిచి వెళ్ళాడు. స్టేడియం అంతా నిలబడింది. ఐదో ఇన్నింగ్స్‌లో కూర్చుని ఉన్నవాళ్ళం కదా అని ఏడో వరస మాత్రం కూర్చునే ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. జెండా కర్రకు తాడు కొట్టుకోవడం వినిపిస్తోంది.

మూడూ యాభై రెండు.

ఎమెట్ ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. మధ్యలో నిలబడి చొక్కా భుజానికి చెమట తుడుచుకుంటున్న పిచర్ కనిపించాడు. నోరు మూసుకున్నాడు. ఆ తెరవడమూ మూయడమూ మారిట్ చూసింది. మూడేళ్ళుగా చూస్తూనే ఉందని ఎమెట్‌కు ఆ క్షణాన అర్థమైంది.

"మిసెస్ బెల్కర్, నన్ను క్షమించండి," అంది మారిట్.

తరవాత, ఆఖరి బెంచీ పిల్లలకు కూడా వినబడేలా మాట్లాడే ఆ బడి గొంతుతో, ఒక్కో మాటా విడదీసి, "ఎమెట్, వాళ్ళు ఇప్పటిదాకా ఒక్క హిట్ కూడా కొట్టలేదు. ఇంకొక్క బ్యాటరే ఉన్నాడు. ఇది నో హిట్టర్," అంది.

ఆరో వరసలో ఒకాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. పాస్టరుగారి కాలు నేలకు దిగిపోయింది. ఇర్మా కళ్ళు మూసుకుంది.

"ఇంక నువ్వు చెడగొట్టేది ఏమీ మిగల్లేదు," అంది మారిట్. "అంతా నేనే చేసేశాను. ఇప్పుడు చెప్పు."

క్యాచర్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. బెనావిడెస్ చెయ్యి ఎత్తాడు. వారం రోజులు పంపుల ముందు సాధన చేసిన వాక్యం కోసం ఎమెట్ వెతికాడు. దొరకలేదు. దొరికిన మాటలే చెప్పాడు.

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదు. కానీ నాకు ఇష్టం లేదని నువ్వు మానకూడదు. వెళ్తే నేనూ వస్తాను. ఫ్లోరిడాలో కూడా పెట్రోలు పోస్తారు, ఎవడో ఒకడు కొలవాలి. ఉండిపోతే ఇక్కడే ఉంటాను. మూడేళ్ళుగా నేను ఈ జట్టును చూడ్డానికి రావడం లేదు, మారిట్. ఈ జట్టును చూడ్డానికి మూడేళ్ళు ఎవరూ రారు."

"అది నిజమే," అన్నాడు ఆరో వరసాయన, వెనక్కి తిరక్కుండా.

"ఇంకా?" అంది మారిట్.

"ఇంకేముంది?"

"అసలు మాట."

"నువ్వంటే ఇష్టం," అన్నాడు. ఆగాడు. "కాదు. ప్రేమ. రెండోదే రాసుకో."

బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు పొడిగా, శుభ్రంగా వినబడింది. బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య నుంచి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, పచ్చిగడ్డి మీదికి వెళ్ళిపోయింది. ఎక్కడా వాదనకు చోటు లేని హిట్.

నాలుగు వేలమంది ఒకేసారి వదిలిన నిట్టూర్పుకు కాగితం కప్పులు దొర్లాయి. ఆర్విల్ ఒక్క క్షణం ఆగి, హాట్‌డాగ్ కొరికాడు. ఆ చప్పుడులోనే మారిట్ ఎమెట్ చెవి దగ్గరికి వంగి, "నాది కూడా రెండోదే. చాలా రోజులుగా," అంది.

తరవాతి బ్యాటర్ రెండు బంతుల్లో అవుటయ్యాడు. హెరన్స్ గెలిచారు. అందరూ లేచి బెనావిడెస్‌కు చప్పట్లు కొట్టారు. అతను టోపీ ఎత్తి చూపించాడు. చప్పట్లు కొట్టడం అయ్యాక చాలామంది ఏడో వరస వైపు తిరిగారు. వాళ్ళెవరూ టోపీ ఎత్తలేదు.

ఇర్మా లేచి నిలబడి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "నలభై ఏళ్ళ నుంచి ఒక్కటంటే ఒక్కటి చూద్దామని వస్తున్నాను," అంది.

"తెలుసు, మిసెస్ బెల్కర్," అంది మారిట్. ఈసారి ఆమె గొంతు నిజంగానే చిన్నబోయింది.

"ఒక మనిషి నోరు తెరవడానికి మూడు సీజన్లా?"

"అవునండీ," అన్నాడు ఎమెట్.

"మా ఆర్విల్‌కు నాలుగు పట్టింది," అంది ఇర్మా. "వెళ్ళమ్మాయ్, ఫోన్ చెయ్యి. నాలుగవుతోంది."

మెట్ల పక్కన రెయిలింగు దగ్గర నిలబడి మారిట్ ఫోన్ చేసింది. పక్కనే ఎమెట్, ఎవరో ఇచ్చిన బరువు పట్టుకున్నట్టు, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు.

"హలో. మారిట్ హౌగన్‌ని. ఉద్యోగం సంగతి. నాకు ఇంకో వారం టైము ఇస్తారేమోనని..." అంది. వింది. "ఓహో," అంది. "సరే అయితే. థాంక్యూ." పెట్టేసింది. మొత్తం పదిహేను సెకన్లు కూడా పట్టలేదు.

"ఏమన్నారు?"

"'అయ్యో, దానికేముంది, మాకేం తొందర లేదు' అన్నారు."

 మైదానంలోకి మనుషులు వచ్చి బేస్‌లు పీకి తీసుకెళ్తున్నారు.

"అంటే మధ్యాహ్నం అడిగినా ఇచ్చేవారా?" అన్నాడు ఎమెట్.

"నిన్న అడిగినా ఇచ్చేవారు."

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు," అంది మారిట్. "శుక్రవారం సాయంత్రం బయల్దేరితే శనివారం మధ్యాహ్నానికి చేరతాం. వెళ్ళి చూసొద్దాం. ఆ బడీ, ఆ రోడ్డూ, ఆ సముద్రమూ. నచ్చితే సరే, నచ్చకపోతే వెనక్కి వచ్చేద్దాం. నీ కారా, నాదా?"

"నాది. ఎంత తాగుతుందో నాకు లెక్క తెలుసు."

అతని చెయ్యి ఆమె చేతిలోకి ఎప్పుడు వెళ్ళిందో ఇద్దరూ గమనించలేదు. గమనించిన మనిషి ఇర్మా. ఒక్కో మెట్టూ దిగుతూ వాళ్ళ దగ్గరికి వచ్చి, ఆర్విల్ భుజం పట్టుకుని ఆయాసం తీర్చుకుని, "ఏమన్నారు వాళ్ళు?" అని అడిగింది.

మారిట్ నోరు తెరిచింది గాని, ఎమెట్ ముందే అందుకున్నాడు. తడుముకోలేదు.

"వారం గడువిచ్చారు. చాలా బతిమాలితే ఇచ్చారు."

"నాలుగు దాటి ఉంటే?"

"ఉద్యోగం పోయేది."

మారిట్ పక్కకు తిరిగి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి కాస్త టైము పట్టింది.

ఇర్మా తల పంకించింది. ఆమె మొహంలో ఆ మధ్యాహ్నం మొత్తానికి మొదటిసారి బిగువు సడలింది. "అయితే పోనీలే. ఊరికే పోలేదన్నమాట," అంది. రెండు మెట్లు దిగి, మళ్ళీ ఆగి, వెనక్కి తిరిగింది.

"పెళ్ళి మాత్రం నవంబరులో పెట్టుకోండి. ఏప్రిల్లో అయితే మేం రాలేం. ఆటలుంటాయి."